మూగజీవుల ఆపద: మొదటి గంట యెవరిది?

విశాఖపట్టణమున పూర్ణా మార్కెట్టునకు కూరగాయలకై పోవువారికి అచ్చటి పశువులు క్రొత్తవి గావు. బండ్ల చాటునను, దుకాణముల మెట్ల కడను, చెత్తకుప్పల ప్రక్కను ఆవులును, ఎద్దులును, దూడలును తిరుగుచునే యుండును. వర్తకుడు పారవేసిన కాబేజీ ఆకులను తినును. పుణ్యార్థియైన గృహస్థు పెట్టిన అరటిపండును తినును. ఎవ్వరును గమనింపకుండగా, కుప్పలోని వంకాయలతోపాటు వాటిని మూటగట్టిన ప్లాస్టిక్ సంచిని గూడ మ్రింగును. అట్టి పశువు ఒకనాడు డొక్క యుబ్బి, ఊపిరాడక వీధిలో కూలబడినప్పుడు దాని ప్రాణమును గాచు పూచీ యెవరిది? యజమానిదా, వర్తకులదా, పురపాలక సంస్థదా, ప్రభుత్వ పశువైద్యునిదా? ప్రతివారును రెండవవానిని జూపుదురు. వారు వ్రేలు చూపుచుండగనే ఆ గొడ్డు ప్రాణము పోవును.

మనుష్యునకు వ్యాధి కలిగిన నోరు విప్పి చెప్పుకొనును. పశువు చెప్పుకొనలేదు. అంతియేగాదు, అది తన బాధను దాచుకొనును కూడ. అడవిలో బలహీనత చూపిన జంతువే మొదట పులివాత బడును. ఆ పూర్వస్వభావము కొట్టములోని గొడ్డునకు సైతము పోలేదు. కావున దాని బాధ మన కంటబడునప్పటికే వ్యాధి సగము దూరము నడచియుండును. ఈ కారణముచేత పశువుల అత్యవసర చికిత్స వైద్యశాలలో ఆరంభమగునది కాదు. పశువు పడినచోటనే, దానిని మొదట చూచినవాని చేతనే ఆరంభము గావలెను. వైద్యుడు వచ్చుట రెండవ మెట్టు. మొదటి మెట్టు లేనిదే రెండవ మెట్టు పనికిరాదు. ఈ సంగతిని పూర్ణా మార్కెట్టును దృష్టాంతముగా గైకొని విచారింతము.

నెమరువేయు పశువు కడుపున నాలుగు అరలు గలవు. వానిలో పెద్దపొట్ట యనబడు మొదటి అర పెరిగిన ఆవునకు నూఱు లీటర్లకు పైబడిన తొట్టివంటిది. అందు కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి ఆహారముగా మార్చుచుండును. పులియుచోట వాయువు పుట్టుట సహజము. గంటకు 30 మొదలు 50 లీటర్ల వరకు వాయువు పుట్టునని శాస్త్రజ్ఞుల లెక్క. ఆరోగ్యముగల ఆవు త్రేన్పులతో దానిని వెడలగొట్టును. త్రేన్పు ఆగినచో వాయువునకు దారి లేదు. పెద్దపొట్ట ఎడమ డొక్కవైపు తప్పెటవలె బిగిసి, ఊపిరితిత్తులను ముందుకు నొక్కి, రక్తప్రసారమును అడ్డగించును. దీనినే మన రైతులు కడుపుబ్బరమందురు. తీవ్రమైన ఉబ్బరమున పశువు కొలది గంటలలో, ఒక్కొక్కప్పుడు గంటలోపుననే చచ్చును. ఆవు పొట్ట కార్యాలయముల వేళలకై కాచుకొనియుండదు.

త్రేన్పు ఆగుటకు కారణములు పెక్కులు గలవు. ఆ కారణములన్నియు ఒక్క మార్కెట్టు చెత్తకుప్పలోనే సిద్ధముగా నున్నవి. ఉర్లగడ్డయో, మామిడిటెంకయో గొంతుకు అడ్డుపడవచ్చును. లేత ఆకుకూరలు ఒక్కసారిగా మిక్కుటముగా తిన్నచో కడుపులో నురుగు పుట్టి, వాయువు ఆ నురుగులో చిక్కుకొని బయటికి రాజాలదు. పెండ్లివిందులలో మిగిలిన అన్నము తెచ్చి గుమ్మరించుట మఱియొక యాపద. పుణ్యమని తలచి గంపలతో పెట్టిన ఆ యన్నమే పెద్దపొట్టలో పులిసి ఆమ్లమై, ఒడలిలోని నీటిని లాగి, పశువును నిలువనీయక పడవేయును. గడ్డితినుటకు ఏర్పడిన కడుపునకు అన్నపుకుప్ప ఆతిథ్యము గాదు, విషము.

అన్నిటికంటె క్రూరమైనది ప్లాస్టిక్ సంచి. అది అరుగదు, కుళ్లదు, ముందునకు పోదు, నెమరునకును రాదు. ఒకదానితో నొకటి పెనవేసికొని, దినదినమునకు పెరిగి, ముద్దయై పెద్దపొట్టను ఆక్రమించును. పశువు కడుపు నిండినట్లు గానవచ్చుచునే ఆకలితో కృశించును. అనంతపురము సీమలోని పుట్టపర్తియందు కరుణా సొసైటీ యను జంతుసంరక్షణ సంస్థవారు వీధిపశువులకు శస్త్రచికిత్స చేయించి, ఒక్కొక్కదాని కడుపునుండి పదులకొలది కిలోల ప్లాస్టిక్ ముద్దలను తీయించిరి. ఆ సంస్థయే 2012లో మఱికొందఱితో గలసి సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము వేసి, ఈ విషయమును దేశము దృష్టికి దెచ్చినది. తెలుగుసీమనుండి వెడలిన ఆ మొఱ సామాన్యమైనది గాదు. తరువాత కేంద్రప్రభుత్వము 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రానులకును, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకును తక్కువ మందముగల చేతిసంచులను నిషేధించినది. శాసనము మంచిదే. కాని శాసనము పుస్తకమున నుండగా పలుచని సంచి వంకాయలతో గూడ చేతికి వచ్చినచో, మనము దానిని తిరస్కరింపక పుచ్చుకొన్నచో, ఆ శాసనమును భంగపఱచినవాడు వర్తకు డొక్కడే గాడు.

కుప్పలలోని తీగెముక్కలు, మేకులు మఱియొక రీతిని ప్రాణాంతకములు. పశువు మనవలె నమలి మ్రింగదు. మొదట మ్రింగి పిదప నెమరువేయును. కావున మేకు దాని నోట తెలియదు. అది తేనెపట్టువలె గళ్లుగల రెండవ అరలో నిలిచి, దాని ముందే యున్న గుండె సంచిని పొడుచును. మెడక్రింద వాపు వచ్చి పశువు మేత మానునప్పటికి చికిత్సాకాలము దాటిపోవుట తఱచు.

పశువు పడినప్పుడు చూచినవారు చేయవలసిన దేమి? మొదట 1962 సంఖ్యకు టెలిఫోను చేసి, స్థలమును, పశువు స్థితిని, ఎప్పటినుండి యట్లున్నదో ఆ కాలమును చెప్పవలెను. లేవగలిగిన పశువును లేపి, ముందుకాళ్లు ఎత్తుగా నుండునట్లు మెట్టమీద నిలుపవలెను. లేవలేనిదానిని ప్రక్కవాటుగా పడియుండనీయక, గోనెసంచులు ఊతగా పెట్టి రొమ్ముమీద కూర్చుండబెట్టవలెను. ప్రక్కమీద పడియున్న పశువు వాయువును త్రేన్పజాలదు. దాని చుట్టు గుంపు కూడనీయక గాలి తగులనీయవలెను. ఎండలో నున్నచో నీడ కల్పింపవలెను.

చేయరానివి చేయవలసినవానికంటె ముఖ్యమైనవి. పడియున్న పశువు నాలుక లాగి, తల పైకెత్తి, గొట్టముతో నూనెయో కషాయమో బలాత్కారముగా పోయుట మన పల్లెలలోను పట్టణములలోను గలదు. మ్రింగలేని పశువునకు పోసిన ద్రవము ఊపిరితిత్తులలో బడి, ఉబ్బరముచే చావనిదానిని ఉపచారముచే చంపును. వైద్యుడు టెలిఫోనులోనైన చెప్పినగాని నోట ఏమియు పోయరాదు. డొక్కలో కత్తి గ్రుచ్చుట చూచి నేర్చిన విద్య గాదు. వైద్యుడు సూదిమొన గొట్టమును ఎడమడొక్కలో దించుచోటు బెత్తెడు తప్పినచో ప్రాణమునకే ముప్పు. నోట నురుగు గార్చుచు, మ్రింగలేక, వింతగా ఱంకెలు వేయు పశువు గొంతులో ఏదియో అడ్డుపడినదని తలచి వట్టిచేయి పెట్టుట మిక్కిలి ప్రమాదము. పిచ్చికుక్క కఱచిన పశువు లక్షణములును అట్లే యుండును. దాని చొంగ చేతిగాయమునకు తగిలినచో మనుష్యుని ప్రాణమునకే హాని. అట్టిది తటస్థించినచో పదునైదు నిమిషములు సబ్బుతో నీటిధారక్రింద కడిగికొని వెంటనే వైద్యశాలకు పోవలెను.

పల్లెలలోని భూస్వాములు ఇది పట్టణపు బెడదయని యుపేక్షింపరాదు. వారి కొట్టములలోను ఇట్టి గంటలే గలవు. ఈనిన మూడు దినములలో మంచి పాడియావు చల్లబడి, మెడ డొక్కవైపు త్రిప్పుకొని కూలబడును. దీనికి పాలజ్వరమని పేరేగాని జ్వరము లేదు. రక్తములోని సున్నపుధాతువు ఒక్కసారిగా పాలలోనికి పోవుటయే దీనికి కారణము. వైద్యుడు ఆ ధాతువును సూదితో నరమునకు మెల్లమెల్లగా ఎక్కించినచో చచ్చిపోవుచున్న ఆవు కొలదిసేపటిలో లేచి నిలుచుట గలదు. తొందరగా నెక్కించినచో గుండె ఆగును గనుక అది గృహవైద్యము గాదు. వానలు వెనుకబడి వాడిన లేత జొన్నను పశువు మేసినచో నాము తగులుట రైతు లెఱిగినదే. ఆ నాము సయనైడు విషమే. నిమిషములలో చంపగల యీ విషమునకు విఱుగుడు గలదు. పూర్వము ఛాయాచిత్రకారులు వాడిన హైపో యను ఉప్పే వైద్యుడు సూదిద్వారా ఇచ్చు మందులలో నొకటి. మందు గలదు, వైద్యుడు గలడు, జబ్బు పేరును దెలిసినదే. లోపించునది కాలమే.

కాలమును దక్కించుటయే ప్రభుత్వముల పని. ఈ పని మన దేశమున క్రొత్తది గాదు. మనుష్యులకును పశువులకును గూడ చికిత్స ఏర్పఱచితినని అశోకుడు తన రెండవ శిలాశాసనమున చెప్పుకొన్నాడు. ఆ శాసనముల ప్రతి కర్నూలు మండలమున ఎఱ్ఱగుడి బండలమీద నేటికిని గలదు. ఫ్రాన్సుదేశమున లియాన్ నగరమందు 1761లో ప్రథమ పశువైద్య విద్యాలయము వెలసినది. ముసరవ్యాధి పశువులను నాశనము చేయుచుండుటయే దానికి ముఖ్యకారణము. మన చెన్నపట్టణమున 1903లో పశువైద్య కళాశాల ఏర్పడి, నాటి ఆంధ్రమండలములకును వైద్యులను పంపినది. నూఱేండ్లకు పైగా సాగిన కృషిఫలముగా 2011లో ముసరవ్యాధి లోకమునుండియే తొలగినట్లు ప్రకటింపబడినది. మనుష్యజాతి మశూచి తరువాత సమూలముగా నిర్మూలించిన వ్యాధి యిదియొక్కటియే. టీకాలతో అంటురోగములను గెలిచిన మనము, ఒక్కొక్క పశువునకు వచ్చు ఆకస్మికాపదను గెలువలేకపోవుటకు జ్ఞానలోపము కారణము గాదు, ఏర్పాటులోపమే కారణము.

సంఖ్యలను జూడుడు. 1928లో వ్యవసాయ రాజసంఘము ఇరువదియైదువేల పశువుల కొక వైద్యుడు ఉండవలెనని చెప్పినది. 1976లో జాతీయ వ్యవసాయసంఘము అయిదువేల కొకడు కావలెనని చెప్పినది. ఇప్పుడు కేంద్రప్రభుత్వ పథకము లక్ష పశువుల కొక సంచారశకటమును ఉద్దేశించుచున్నది. శకటము వైద్యశాలకు తోడేగాని బదులు గాదు. అయినను లక్షపశువుల మండలమున ఒకేదినమున మూడుచోట్ల ఆపద కలిగినచో మూడవ పశువు గతి యేమి?

అట్లని ఆ శకటములను తేలికగా జూడరాదు. 2017లో తెలంగాణ రాష్ట్రమున 1962 సంఖ్యతో పశువైద్యశకటములు బయలుదేరినవి. ఆంధ్రప్రదేశమున 2022 మే 19వ తేదిన మొదటి విడతగా 175 శకటములును, 2023 జనవరిలో రెండవ విడతగా 165 శకటములును ప్రారంభింపబడినవి. వైద్యుడు, సహాయకుడు, చోదకుడు, మందులు, పేడను నెత్తురును పరీక్షించు పరికరములు, లేవలేని పశువును ఎత్తి శకటములో నెక్కించు యంత్రము అందు అమర్పబడినవి. పశువును వైద్యునికడకు ఈడ్చుకొనిపోవు కాలముపోయి, వైద్యుడే పశువుకడకు వచ్చు కాలము వచ్చుట గొప్పమార్పు. ఇంక కావలసినవి రెండు. రాత్రివేళ వచ్చిన పిలుపునకును పగటివలెనే జవాబు దొరకవలెను. పిలుపు అందిన వేళయు, శకటము చేరిన వేళయు, పశువు బ్రతికినదో లేదో ఆ సంగతియు వ్రాసి నెలనెలకు ప్రజలకు ప్రకటింపవలెను. ఎన్ని శకటములున్నవో చెప్పు లెక్కకంటె ఎన్ని నిమిషములలో వచ్చినవో చెప్పు లెక్కయే మేలు.

ఒక్కొక్క పశువు ఆపద యట్లుండగా, ఊరి పశువులన్నిటికి ఒక్కసారిగా వచ్చు ఆపదయు గలదు. విశాఖ దానిని చవిచూచినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరముమీదనే తీరము దాటినది. 2020 మే 7వ తేది తెల్లవాఱుజామున ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జీ. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెడలినప్పుడు 12 మంది మనుష్యులు మరణించిరి. కొట్టములలోని పశువులును చచ్చినవి. మనుష్యులు లేచి పరుగెత్తిరి, పరుగెత్తలేనివారిని ఇతరులు మోసికొనిపోయిరి. గుంజకు కట్టిన గొడ్డు ఎక్కడికి పోగలదు? రేవును, ఉక్కు కర్మాగారమును, రసాయన కర్మాగారములును గల నగరమున ఆపత్కాల ప్రణాళికయందు పశువుల పేరు ఒక పంక్తియైన నుండుట న్యాయము. పలుపు విప్పుటయో, కోయుటయో ఎవరు చేయవలెను, పశువులను ఏ దారిని తోలవలెను, ఎచ్చట నీరును మేతయు నుండును—ఇవి ఆపద వచ్చిన తరువాత ఆలోచింపదగినవి గావు.

ఇచ్చట కొందఱు ఒక యాక్షేపణ చేయుదురు. వీధిపశువునకై ప్రజల ధన మేల వ్యయింపవలెను? వాని యజమానులు ఉదయమున పాలు పిండుకొని, మేతఖర్చు మిగుల్చుకొనుటకై వీధిలోనికి తోలుచున్నారు. వారిని దండించుటయే మందు గదా యందురు. ఇందు సత్యము లేకపోలేదు. లాభము తనదియు, మేత ఊరిదియు, చికిత్స ప్రభుత్వముదియు ననుట న్యాయముగాదు. పశువునకు చెవిబిళ్ల వేసి, యజమానిని గుర్తించి, రెండవమారు విడిచినవానికి జుల్మానా విధించుట సబబే. కాని 2019 పశుగణనయందు దేశమున 50 లక్షలకు పైగా వీధిపశువులు లెక్కకు వచ్చినవి. ఇందఱు యజమానులును దుర్మార్గులేయని చెప్పజాలము. ట్రాక్టరు వచ్చిన తరువాత కోడెదూడకు కొట్టమున చోటు తగ్గినది. ఊరిబయళ్లు ఇండ్లస్థలములైన పిదప పట్టణపు పాడియావునకు మేయుబీడు లేకపోయినది. ఒక్క గేదెను నమ్ముకొని వాడుక పాలుపోసి బిడ్డలను పెంచుకొను పేదరాలికి ఆ గేదె పోయినచో పోయినది పశువు గాదు, కుటుంబపు మూలధనము. అప్పుచేసి కొన్న గేదె చచ్చినను అప్పు చావదు. దండనము తరువాతి మాట. వీధిలో కొట్టుకొనుచున్న ప్రాణమును నిలుపుట మొదటి మాట. అగ్నిమాపకశకటము కాలుచున్న యింటి పన్ను చెల్లినదా యని యడుగదు గదా!

పూర్ణా మార్కెట్టువంటి చోట ఈ పని గొప్పధనముతో పనిలేకుండ ఆరంభింపవచ్చును. పచ్చికూరల చెత్తను ప్లాస్టిక్, తీగె, దారములతో కలుపక వేఱుగా మూతగల తొట్లలో వేయించుట మొదటిది. కుళ్లకమునుపే ఆ పచ్చిభాగమును ఏరి గోశాలలకు మితముగా పంపవచ్చును. కుళ్లినది ఎరువునకు పోవలెను. ప్రతిద్వారమువద్ద 1962 సంఖ్యను పెద్ద యక్షరములతో వ్రాయించుట రెండవది. వర్తకసంఘములవారు తమలో నలుగురిని ఎంచి, పశుసంవర్ధకశాఖవారిచేత ప్రథమచికిత్స నేర్పించుట మూడవది. నాలుగు గోనెలు, రెండు మెత్తని మోకులు, ఒక బలమైన గోనెపట్టు స్ట్రెచరు ఒక దుకాణమున ఉంచుట నాల్గవది. పశువు చచ్చినచో దానిని కోయక, ఈడ్వక, వైద్యునికి చూపి పూడ్పించుట అయిదవది. దొమ్మరోగముతో చచ్చిన పశువును కోసినచో ఆ విషబీజములు మట్టిలో ఏండ్లకొలది నిలుచును. విశాఖ మన్యమున చచ్చిన పశువుల మాంసము తిని జనులు ఆ రోగమున బడిన సంగతి మన మెఱిగినదే.

కొనువారి పని ఇంకను సులభము. గుడ్డసంచితో మార్కెట్టునకు పోవుట, ఇంటి చెత్తను ముడివేసిన సంచితో వీధిలోనికి విసరకుండుట, విందు మిగిలిన అన్నమును ఆవుముందర గుమ్మరింపకుండుట—ఇంతమాత్రమే. ఆవునకు ఫలము పెట్టి నమస్కరించి, ఆ ఫలము తెచ్చిన సంచిని దాని కాళ్లకడనే పారవేయు భక్తి యెట్టి భక్తియో పాఠకులే విచారింతురు గాక.

ఆపదలో పడిన పశువునకు మొదటి గంట చూచినవానిది, రెండవ గంట వైద్యునిది. మిగిలిన కాలమంతయు, అనగా ఆపద రాకుండ చేయగల కాలమంతయు, పట్టణముదే. నగరపాలక సంస్థవారును, పశుసంవర్ధకశాఖవారును, వర్తకసంఘములవారును ఒక్కచోట కూర్చుండి, పూర్ణా మార్కెట్టున ఈ యేర్పాటును వెంటనే ఆరంభింతురని ఆశించుచున్నాము. అచ్చట సాగినచో ఆంధ్రదేశపు ప్రతి సంతయు దానిని అనుసరింపగలదు.